యంత్రమునకు మాట చెప్పు విద్య



గడచిన మూడు నాలుగు సంవత్సరములుగా ఒక క్రొత్త సంగతి మన చుట్టును జరుగుచున్నది. కంప్యూటరు విద్య నేర్వని డాక్టర్లు, ప్లీడర్లు, ఉపాధ్యాయులు, కచేరీ గుమాస్తాలు తమకు కావలసిన సాఫ్ట్‌వేరు నమూనాలను తామే చేసికొనుచున్నారు. వారు స్వహస్తముతో ప్రోగ్రాము వ్రాయుట లేదు. తమకు కావలసినదేమో వాడుకమాటలలో కృత్రిమ మేధకు చెప్పుచున్నారు. అది ప్రోగ్రామును వ్రాసి చూపుచున్నది. ఉదయము తలచిన పనిముట్టు సాయంకాలమునకు కన్నుల యెదుట కదలుచున్నది. దీనిని చూచి కొందఱు ఇక ఇంజనీర్ల యవసరము తీరినదనుచున్నారు. మఱికొందఱు ఇది పిల్లలాట యని తీసివేయుచున్నారు. నేను చరిత్ర బోధించువాడను. నాకీ రెండు మాటలును పూర్వము వినిన మాటలుగానే తోచుచున్నవి. ఈ డెబ్బది సంవత్సరములలో యంత్రమును తానే శాసింపగలుగు అవకాశము సామాన్యునకు పలుమార్లు దక్కినది. వానిలో నాలుగింటిని నేడు మీ ముందుంచెదను. ప్రతిపర్యాయమును ఏ పని సులువైనదో, ఏ బరువు ఎవరి భుజముపైకి మాఱినదో చూచినచో, నేటి వింత చక్కగా బోధపడును.

తొలినాటి కంప్యూటర్లకు అంకెలు తప్ప అన్యభాష తెలియదు. ఏ అంకెను ఎచ్చట నుంచవలెనో, దానికి దేనిని కలుపవలెనో, ఒక్కొక్క యాజ్ఞను సంకేతములతో వ్రాసి యీయవలసి యుండెను. ఆ సంకేతములు తెలిసినవారు కొలదిమంది. తక్కినవారు తమ లెక్కలను వారి చేతిలో పెట్టి వేచియుండవలసినదే. మన పల్లెలలో ఒకప్పుడు చదువురాని రైతు తన దస్తావేజును కరణముచేత వ్రాయించుకొని, అందేమున్నదో ఆయన చదివి చెప్పినదే నమ్మి, అడుగున వేలిముద్ర వేయుచుండెను. వర్తకులును ఉద్యోగులును ఆ నిపుణులయెడ అట్లే యుండిరి.

ఈ స్థితిని మార్పదలచినవారిలో గ్రేస్ హాపర్ ముఖ్యురాలు. ఆమె గణితశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, వాసర్ కళాశాలలో పాఠములు చెప్పి, రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా నౌకాదళమున చేరి, 1944లో హార్వర్డునందలి మార్క్ వన్ యంత్రముకడ పనికి కుదిరెను. 1952లో ఆమె ఏ-జీరో అను ప్రోగ్రామును సిద్ధపఱచెను. ముందుగా వ్రాసి దాచియుంచిన ఆజ్ఞల సముదాయములను గుర్తులతో పిలిచినచో, వానిని కూర్చి యంత్రభాషలో ఒక ప్రోగ్రాముగా అమర్చుట దాని పని. పిమ్మట ఆమె ఇంకొక యడుగు ముందుకు వేసెను. వర్తకవ్యవహారములు చూచువారికి బీజగణిత సంకేతములు రుచింపవు. వారు మాటలతో పని చేయుదురు. కావున యంత్రమునకే మాటలు నేర్పవలెనని వాదించెను. కంప్యూటరునకు ఇంగ్లీషు తెలియదు గదా యని ఆక్షేపణలు వచ్చెను. అయినను ఆమె బృందము ఫ్లో-మాటిక్ అను భాషను నిర్మించెను. 1959లో అమెరికా రక్షణశాఖ ప్రోత్సాహమున ప్రభుత్వోద్యోగులును కంప్యూటరు కంపెనీల ప్రతినిధులును కూడి ఒక ఉమ్మడి భాషకు పూనుకొన్నప్పుడు, ఫ్లో-మాటిక్ దానికి ముఖ్యాధారములలో ఒకటయ్యెను. 1960లో రూపొందిన ఆ భాషయే కోబాల్.

కోబాల్ వాక్యములు ఇంగ్లీషు వాక్యములవలె నుండును. పై యధికారి తన కచేరీలో ఏ లెక్క ఎట్లు కట్టబడుచున్నదో తానే చదివి చూచుకొనవచ్చునని పలువురు ఆశించిరి. ఆ యాశ కొంతవఱకే ఫలించెను. చదువుట సులభమైనది గాని వ్రాయుట సులభము కాలేదు. కూడుము, తీసివేయుము అను మాటలు తెలిసినంతమాత్రమున జీతముల పట్టీ తయారుకాదు. నెలనడుమ చేరినవానికి ఎంత, జీతము లేని సెలవుపై పోయినవానికి ఎంత, ముందుగా బాకీ తీసికొన్నవానికి ఎంత, అని విడదీసి క్రమముగా చెప్పవలెను. ఆ విడదీసి చెప్పు పనిని చేయుటకే ప్రోగ్రామరు అను వృత్తి నానాటికి బలపడెను. భాష మాఱినను, ఆలోచనను ముక్కలుగా విడదీసి వరుసగా పేర్చు శ్రమ తప్పలేదు. ఇది మొదటి ద్వారము నేర్పిన పాఠము.

రెండవ ద్వారము ఒక విద్యాలయమున తెరచుకొన్నది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను గణితాచార్యు లిద్దఱు, సాహిత్యము చదువువారికిని చరిత్ర చదువువారికిని కూడ కంప్యూటరు అందవలెనని సంకల్పించిరి. అంతకుమునుపు ఆజ్ఞలను అట్టముక్కలపై రంధ్రములుగా కొట్టించి, కట్టగా కట్టి యంత్రశాలలో ఇచ్చి, ఫలితమునకై గంటలతరబడి, ఒక్కొక్కప్పుడు మఱునాటిదాక, వేచియుండవలెను. చుక్క యొకటి తప్పిపోయినచో మరల మొదటికి వచ్చును. ఈ ఆచార్యులు ఒకే కంప్యూటరును పలువురు ఒకే సమయమున వాడుకొను నేర్పాటు చేయించి, బేసిక్ అను సులభమైన భాషను కల్పించిరి. 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటల వేళ ఆ భాషలో తొలి ప్రోగ్రాములు నడచెను. విద్యార్థి యొక పంక్తి వ్రాయును; యంత్రము వెంటనే బదులు చెప్పును; తప్పున్నచో అప్పుడే దిద్దుకొనును. సంగీతము నేర్చువానికి స్వరము తప్పినప్పుడే గురువు చెప్పుటకును, మఱుసటి వారము ఉత్తరము వ్రాసి చెప్పుటకును ఎంత భేదమున్నదో, ఇందును అంత భేదమున్నది. వెంటనే వచ్చు జవాబే సామాన్యునకు గురువైనది.

మూడవ ద్వారము లెక్కల పట్టిక. హార్వర్డు వ్యాపారవిద్యాలయమున చదువుచుండిన డాన్ బ్రిక్లిన్, పట్టికలో ఒక్క యంకె మాఱినచో తక్కిన యంకెల నన్నింటిని తుడిచి మరల వ్రాయవలసివచ్చుట చూచి, ఆ పనిని యంత్రముచేత చేయింపవలెనని తలచెను. 1978లో అరువు తెచ్చుకొన్న యొక ఆపిల్ యంత్రముపై, రెండు మూడు దినములలో, బేసిక్ భాషలోనే ఒక నమూనాను వ్రాసెను. ఆ నమూనా అమ్మదగిన సరుకు కాదు. కాని తలపులోని పనిముట్టు ఎట్లుండునో అది కన్నులకు చూపెను. పిమ్మట ఆయన మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ అదే భావమును యంత్రమునకు మిక్కిలి సమీపమైన భాషలో మొదటినుండి మరల వ్రాసెను. 1979లో అది విసికాల్క్ అను పేర అంగడికి వచ్చెను. ఈ వృత్తాంతమున నమూనా వేఱు, నిలుచు కట్టడము వేఱు అను భేదము స్పష్టముగా కనబడుచున్నది. నమూనా ప్రశ్నకు జవాబు చెప్పినది. కట్టడము జనుల బరువును మోసినది.

విసికాల్క్ దారిలోనే ఎక్సెల్ మొదలగు పట్టికలు వచ్చెను. ప్రోగ్రామను పేరైనను తలపని కోట్లకొలది గుమాస్తాలును గణకులును గళ్లలో సూత్రములు వ్రాసి, తమకు తెలియకయే ప్రోగ్రాములు వ్రాయువారైరి. ఇందువలన లోకమునకు కలిగిన మేలు గొప్పది. అయితే బరువు చేతులు మాఱుట కూడ ఇక్కడనే ప్రారంభమయ్యెను. సూత్రమును వ్రాసినవాడే దానిని పరీక్షింపవలెను. అతనికి పరీక్షించుట ఎవ్వరును నేర్పలేదు.

దీని ఫలితమునకు రెండు నిదర్శనములు చాలును. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను ప్రసిద్ధ ఆర్థికశాస్త్రజ్ఞులు 2010లో దేశముల అప్పులకును వాని యభివృద్ధికిని గల సంబంధమును గూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. పొదుపు విధానములను సమర్థించువారు అనేక దేశములలో దానిని ప్రమాణముగా చూపిరి. 2013లో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వారి పట్టికను తెప్పించి చూడగా, సగటు కట్టిన సూత్రమున ఐదు దేశముల వరుసలు విడిచిపోయి యుండెను. ఆ వ్యాసముపై వచ్చిన ఆక్షేపణలలో ఇది యొకటి మాత్రమే. అయినను లోకమున కెక్కువగా జ్ఞాపకముండినది ఇదియే. రెండవది ఇంగ్లండునందు జరిగినది. కోవిడ్ దినములలో, 2020 సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వఱకు, 15,841 మంది రోగుల వివరములు నిత్యనివేదికలలో చేరక తప్పిపోయెను. పాతరకపు ఎక్సెల్ పట్టికలో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి చప్పుడు కాకుండ జాఱిపోయెను. రోగులకు తమ ఫలితములు తెలిసినవి గాని, వారితో మెలగినవారిని వెదకి హెచ్చరింపవలసిన సిబ్బందికి ఆ వివరములు సకాలమున అందలేదు. యంత్రము మొఱపెట్టి ఆగిపోయినచో ఎవరైనను చూచియుందురు. అది తప్పును నిండుముఖముతో నిజమువలె చూపుటయే అపాయము.

ఇక నాలుగవ ద్వారము, మనము నేడు నిలిచియున్నది. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణమును ప్రకటించిరి. దానిపై కట్టబడిన భాషాయంత్రములు అపారమైన వ్రాతరాశిని చదివి, ఒక మాట పిదప ఏ మాట వచ్చునో ఊహించుట నేర్చును. ప్రోగ్రాములు కూడ వ్రాతలే గావున వానిని వ్రాయుటయు నేర్చినవి. 2021లో గిట్‌హబ్ సంస్థ కోపైలట్ అను సహాయకుని ప్రోగ్రామర్ల కిచ్చెను. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ అందఱికిని అందుబాటులోనికి వచ్చెను. 2025 ఫిబ్రవరిలో ఆంద్రే కర్పథీ అను కృత్రిమ మేధా నిపుణుడు, వ్రాయబడిన కోడును చూడకయే మాటలతో పని నడపుకొను ఈ పద్ధతికి వైబ్ కోడింగ్ అని పేరు పెట్టెను. వాడి పాఱవైచు చిన్న పనులకు ఇది పనికివచ్చునని ఆయన ఆనాడే చెప్పెను. పేరు లోకమంతట వ్యాపించినది గాని ఆ షరతు అంతగా వ్యాపింపలేదు.

మనకు ఇందొక విశేషము కలదు. కోబాల్ మాటలును బేసిక్ మాటలును ఇంగ్లీషు మాటలు. ఆ భాష రానివానికి ఆ ద్వారములు సగమే తెరచుకొన్నవి. ఈ నాలుగవ ద్వారమున మాత్రము తెలుగున అడుగవచ్చును, తెలుగున జవాబు పొందవచ్చును. ఇంతకుముందు లేని సౌకర్యమిది.

అయితే మాటలతో ఆజ్ఞాపించుటలో గల చిక్కును డచ్చిదేశపు కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1978 ప్రాంతముననే ఎత్తి చూపెను. సంకేతభాషలు కఠినమైనవని విసుగుకొందుము గాని, అర్థములేని మాటను పలుకనీయకుండుటయే వాని ఉపకారమని ఆయన వాదము. వాడుకభాషలో అస్పష్టమైన కోరికయు స్పష్టమైన కోరికవలెనే వినబడును. ఇంటిలో పెద్దలు “ఆ పని చూడు” అన్నచో మనకు పని తెలియును. ఎందుచేత ననగా మనము ఆ యింటివారము. యంత్రము ఆ యింటిది కాదు. మనము చెప్పక విడిచినదానిని అది ఊహతో పూరించును. పూరించినట్లు ఒక్కొక్కప్పుడు తనంతట చెప్పదు.

ఈ సంగతి నా వృత్తిలోనే పరీక్షించి చూచితిని. శాసనములలో కాలము శాలివాహన శకమునందును, ప్రభవ విభవాది సంవత్సర నామమునందును చెప్పబడును. దానిని క్రీస్తుశకమునకు మార్చు చిన్న పనిముట్టొకటి నా విద్యార్థులకు కావలసి యుండెను. నేను ప్రోగ్రాములు వ్రాయుట నేర్వలేదు. అందుచేత మొదట కాగితముపై, పనిముట్టు ఏమి పుచ్చుకొని ఏమి చెప్పవలెనో అరపుట వ్రాసికొంటిని. పిదప జవాబులు తెలిసిన తేదీలను కొన్నింటిని పరీక్షకై ప్రక్కన పెట్టుకొంటిని. వానిలో హంపి విరూపాక్షాలయమునందలి కృష్ణదేవరాయల పట్టాభిషేక శాసన మొకటి. అందు శకసంవత్సరము 1430 అనియు, శుక్ల సంవత్సర మాఘమాసమనియు ఉన్నది.

కృత్రిమ మేధ వ్రాసిన మొదటి నమూనా 1430కి 78 కలిపి 1508 అని చూపెను. ఉగాది మొదలు డిసెంబరు చివరవఱకు 78 కలుపుట సరియే. కాని పుష్యములో కొంతభాగమును, మాఘ ఫాల్గుణములును జనవరి మొదలైన పిమ్మట వచ్చును. వానికి 79 కలుపవలెను. ఈ మాట తెలుగుననే చెప్పగా యంత్రము దిద్దుకొని 1509 అని చూపెను. చూచుటకు ఇక లోపము లేదు. అయినను చరిత్రకారులకు తెలిసిన చిక్కు అచ్చటనే యున్నది. శకసంవత్సరమునకు 12 కలిపి 60చే భాగించినచో, మిగిలిన శేషము సంవత్సర నామపు వరుససంఖ్య. 1430కి శేషము 2, అది విభవ. శుక్ల మూడవది, అది 1431కి వచ్చును. అనగా శాసనమునందలి అంకెయు పేరును ఒకదానితో నొకటి పొసగవు. అంకెను నమ్మినచో 1509, పేరును నమ్మినచో 1510. పండితులు ఈ విషయమై చర్చించియున్నారు. నమూనా ఆ పేరును చూచియు ఏమియు అనక, ఒక్క జవాబును ధీమాగా చెప్పెను. అప్పుడు నేను, అంకెయు పేరును పొసగనిచో రెండు జవాబులను చూపుమనియు, తీర్పు చెప్పవలదనియు ఆజ్ఞాపించితిని. మూడవ నమూనా అట్లే చేసెను. మూడు నమూనాలకును పట్టిన కాలము ఒక్క మధ్యాహ్నము.

ఇందు నేను నేర్చినది కోడు కాదు. నాకు తెలిసిన విషయమునే, ఏమియు విడువకుండ, ఎఱుగని పరదేశికి చెప్పినట్లు చెప్పుట నేర్చితిని. యంత్రము చేయలేని పని నా వద్దనే మిగిలియుండెను. 79 కలుపవలసిన నెలలేవో, శాసనము తనతో తాను విభేదించుట ఎట్లో, అట్టిచో మౌనము ఎందుకు తప్పో, ఇవి ఏండ్లతరబడి శాసనములు చదువుటవలన తెలియునవి. నర్సునకు తన వార్డునందును, ప్లీడరునకు తన కోర్టునందును ఇట్టి జ్ఞానమే కలదు. ఈ విద్యకు మూలధనము అదియే. నేర్వదలచినవారు చిన్నపనితో మొదలిడవలెను. కోరికను ముందు కాగితముపై వ్రాసికొనవలెను. జవాబు తెలిసిన ప్రశ్నలతో పరీక్షింపవలెను. బాగుగా నడచిన ప్రతిని దాచి పిమ్మట మార్పు చేయవలెను. రోగుల పేర్లు, కక్షిదారుల కాగితములు మొదలగు పరుల రహస్యములను అందు పోయరాదు.

నమూనాను నమూనాగానే ఉంచుట ఇంకొక ముఖ్యవిషయము. మన స్థపతులు లోహవిగ్రహమును పోయుటకు ముందు మైనముతో బొమ్మ చేయుదురు. దానిపై మట్టి పూసి కాల్చగా మైనము కరగిపోవును. ఆ ఖాళీలో కరగిన లోహము పోయుదురు. మైనపుబొమ్మ లేనిదే విగ్రహము లేదు. అట్లని మైనపుబొమ్మను గుడిలో ప్రతిష్ఠించి దాని యెదుట దీపము వెలిగింపరు. 2025 జూలైలో రెప్లిట్ అను సంస్థవారి కృత్రిమ మేధతో ఒక వ్యాపారవేత్త పనిముట్టు నొకటి కట్టుచుండెను. మార్పులేమియు చేయవలదని చెప్పియున్నను అది నిజమైన వివరములు గల డేటాబేసును తుడిచివేసెను. తిరిగి తెచ్చుట అసాధ్యమని కూడ చెప్పెను. కాని వివరములు తిరిగి వచ్చెను. సంస్థాధిపతి బహిరంగముగా క్షమాపణ చెప్పి, నమూనాల చోటును నిజమైన వివరముల చోటును వేఱుచేయు నేర్పాటు ప్రకటించెను. మైనమును దీపమునకు దూరముగా ఉంచుటయే ఆ యేర్పాటు. పదిమంది జీతమో, ఆరోగ్యమో, భూమియో ఆధారపడు పనికి నమూనాను ఇంజనీరు చేతికిచ్చి, మొదటినుండి కట్టింపవలెను. ఫ్రాంక్‌స్టన్ చేసిన పని నేటికిని అవసరమే. అయితే నోటిమాటగా వినిపించు కోరికకంటె కదలు నమూనా ఇంజనీరునకు ఎక్కువ తెలుపును. అక్కఱ గలవాడును కట్టువాడును ఒకరినొకరు అపార్థము చేసికొనుట తగ్గును. ఈ క్రొత్తవిద్యవలన కలుగు నిజమైన లాభమిది.

హాపర్ కాలమునుండి నేటివఱకు ప్రతిద్వారమును వ్రాయు శ్రమను తగ్గించినది. తెలిసికొను శ్రమను, పరీక్షించు శ్రమను, జవాబు చెప్పుకొను బాధ్యతను ఏ ద్వారమును తగ్గింపలేదు. వానిని నిపుణుని చేతినుండి మన చేతిలోనికి తెచ్చినది. దస్తావేజును వ్రాసినది కరణమే యైనను, పొలము పోయినది వేలిముద్ర వేసిన రైతునకు. ఆ రైతు కోరదగినది కరణములు లేని లోకము కాదు. వేలిముద్రకు ముందు కాగితమును తానే చదువుకొనగల చదువు. నేడు వ్రాయసకాడు ఉచితముగా, రేయింబగళ్లు, తెలుగున పలుకుచు మన ముంగిట కూర్చున్నాడు. ఆయనచేత వ్రాయించుకొనుడు. వ్రాసినది చదివించుకొనుడు, తెలిసిన లెక్కతో సరిచూచుకొనుడు. అడుగున చేవ్రాలు మాత్రము మనదేనని మఱవకుడు.